ముందు అట్ట, తర్వాత కథ

ఆ ఉదయం బైండరు గారి కార్యక్రమం చాలా చిన్నది. అక్కకి టీ ఇవ్వాలి, లైబ్రరీ వాళ్ల నలభై పుస్తకాలూ బల్ల మీద పేర్చాలి, వ్యాను వచ్చేలోగా కూర్చుని ఒక్క వాక్యం రాయాలి. ఒక్కటంటే ఒక్కటే. మూడేళ్లుగా ప్రతి ఉదయమూ ఆయన వేసుకుంటున్న ప్రణాళిక ఇంచుమించు ఇదే. అందులో టీ ఇవ్వడం, పుస్తకాలు పేర్చడం ఏనాడూ తప్పలేదు.

రాయాల్సింది అక్క గురించి. అమ్మానాన్నలు పోయాక తమ్ముణ్ని పెంచింది ఆవిడే. ఇద్దరికీ పెళ్లి ఆలోచన వచ్చే తీరిక దొరకలేదు, ఆ తీరిక దొరికేసరికి వయసు దాటిపోయింది. మూడేళ్ల కిందట అక్కకి మతిమరుపు మొదలైంది. ఇది ఇంకా ముదురుతుందే తప్ప తగ్గేది కాదని డాక్టరు చెప్పిన రోజున, ఇంటికి వచ్చి చెప్పులు విప్పుతూ ఆవిడ తమ్ముడితో అంది.

"నేను పూర్తిగా మర్చిపోయేలోగా నా కథ రాసి నాకు చదివి వినిపించరా. ఇన్ని పుస్తకాలు కుట్టావు, ఒక్కటి రాయలేవా?"

"రాస్తానక్కా," అన్నాడు ఆయన. అనడానికేం, ఎవరైనా అంటారు.

ఆయన భయం ఆయనది. నలభై ఏళ్లుగా పుస్తకాల మధ్య బతుకుతున్నవాడికి చెత్త పుస్తకం ఎలా ఉంటుందో తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. తను రాసేది ఆ గుట్టలో చేరుతుందని గట్టి నమ్మకం. అందుకని తనకి చేతనైన పని చేశాడు. మంచి కాగితం తెచ్చి, కట్టలు కట్టలుగా మడిచి, కుట్టి, అంచులు కోసి, లైబ్రరీ పని చేయగా మిగిలిన ఎర్ర గుడ్డతో అట్ట కట్టాడు. వెన్ను మీద 'అక్క' అని, దాని కింద తన పేరూ బంగారు అక్షరాలతో అద్దాడు. మొదటి పేజీలో పుస్తకం పేరు తన చేత్తో పెద్ద అక్షరాలతో రాశాడు. మిగతా రెండువందల పేజీలూ తెల్లగా ఉన్నాయి. పేరు అంటూ పడ్డాక సిగ్గుతోనైనా రాస్తానని ఆయన లెక్క. సిగ్గు రాలేదు సరికదా, ఇంత మంచి బైండింగుని పిచ్చి రాతలతో పాడుచేయడం ఎందుకన్న కొత్త భయం పట్టుకుంది.

ఈలోగా అక్క ఆయన కోసం ఆగలేదు. ముందు ఇరుగుపొరుగు పేర్లు పోయాయి. తర్వాత వారాలు, నెలలు పోయాయి. ఆరునెలలుగా తమ్ముడు కూడా వస్తూ పోతూ ఉన్నాడు. కొన్నాళ్లు "ఒరే" అని పిలిచేది, కొన్నాళ్లు "మీరెవరండీ" అని మర్యాదగా అడిగేది. "ఒరే" అన్న రోజున ఆయనకి కడుపు నిండినట్టుండేది. ఆ రోజు కూడా రాసేవాడు కాదు.

ఆ ఉదయం ఆయన లైబ్రరీ పుస్తకాల పక్కనే తన ఎర్రట్ట పుస్తకం పెట్టుకుని కలం మూత తీశాడు, మళ్లీ పెట్టాడు, మళ్లీ తీశాడు. మూడోసారి తల ఎత్తేసరికి పెరటి తలుపు బార్లా తెరిచి ఉంది. చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తాడు. వీధి చివర బస్టాపులో, వరసలో నాలుగో మనిషిగా, అక్క బుద్ధిగా నిలబడి ఉంది. తమ్ముడు పనిచోట ఆకలితో ఉంటాడని, వాడికి భోజనం పట్టుకెళ్తున్నానని ఆయనతోనే చెప్పింది. చేతుల్లో ఏమీ లేదు. "నేనూ అటే వెళ్తున్నానండీ, పదండి," అని ఆయన ఇంటికి తీసుకొచ్చాడు.

వచ్చేసరికి బల్ల ఖాళీ. వ్యాను డ్రైవరు సమయపాలనకి పెట్టింది పేరు. జాబితాలో నలభై ఉంటే బల్ల మీద నలభై ఒకటి కనిపించాయి. అన్నీ ఒకే ఎర్ర గుడ్డ. తక్కువైతే తిడతారు గాని ఎక్కువైతే ఎవరూ అడగరని అనుభవం మీద తెలుసుకున్న మనిషి, మొత్తం ఎక్కించుకుని వెళ్లిపోయాడు.

బైండరు మర్నాడు లైబ్రరీకి వెళ్లేసరికి పుస్తకానికి నంబరు పడిపోయింది, రిజిస్టరుకెక్కిపోయింది. లైబ్రేరియనమ్మ మొదటి పేజీ మీద ముద్ర వేసి, ఆ పేజీ, వెన్నూ చూసే మిగతా వివరాలన్నీ రాసుకుంది. కుర్చీలోంచి లేచి మరీ ఆయనకి నమస్కారం పెట్టింది. "ఇంత పుస్తకం రాసి మాకు ఒక్క మాటైనా చెప్పలేదే! నోట్లో నాలుక లేనట్టు ఉంటారు, మీలో ఇంత ఉందని ఎవరనుకుంటారు?" అంది. లోపల ఏమీ లేదని చెప్పడానికే ఆయన వచ్చాడు. కాని తన జీవితంలో ఎవరూ తనకోసం కుర్చీలోంచి లేవలేదు. ఆ ఒక్క క్షణం ఆయనకి బాగుంది. ఆ క్షణం దాటేసరికి ఆవిడ, పుస్తకాన్ని పళ్ల డాక్టరు గారు అప్పుడే తీసుకెళ్లారని కూడా చెప్పేసింది.

పళ్ల డాక్టరు దగ్గర చెప్పుకునే అవకాశం రాలేదు. గుమస్తా ఆయన్ని వరసలో కూర్చోబెట్టాడు, వంతు రాగానే కుర్చీలో పడుకోబెట్టాడు. డాక్టరు నోరు తెరవమన్నాడు. తెరిచిన నోటితో మనిషి పుస్తకం గురించి మాట్లాడలేడు. లోపల ఒక పన్ను పాడైపోయి ఉందని డాక్టరు సంబరపడి, ఇంజక్షను ఇచ్చి దాన్ని కాస్తా పీకేశాడు. దూది కుక్కాక, తీరిగ్గా చేతులు కడుక్కుంటూ, పుస్తకం తను ఇంకా తెరవలేదని, ఇందాక పన్ను చూపించుకోవడానికి వచ్చిన మాస్టారు దాన్ని లాక్కుపోయారని చెప్పాడు.

మాస్టారంటే పాఠకుల సంఘం అధ్యక్షుడు, రిటైరైన లెక్కల మాస్టారు. ఊళ్లోకి ఏ పుస్తకం వచ్చినా ముందు తను చదవాలి, ముందు తనే మాట్లాడాలి. ఆయన రహస్యం ఒకటి ఎవరికీ తెలియదు. ఏడాదిగా ఆయనకి చూపు మందగిస్తోంది. పెద్ద అక్షరాలు తప్ప కనబడవు. చెబితే అధ్యక్ష పదవి పోతుంది, చదువుకున్నవాడన్న పేరూ పోతుందని భయం. వాళ్లూ వీళ్లూ చెప్పుకునేది విని, చదివినట్టే నెట్టుకొస్తున్నాడు. అలాంటి మనిషి ఎర్రట్ట పుస్తకం తెరిచాడు. మొదటి పేజీలో పెద్ద అక్షరాలు కనబడ్డాయి. రెండో పేజీ తిప్పితే ఏమీ లేదు. పది తిప్పాడు, యాభై తిప్పాడు, కిటికీ దగ్గరికి వెళ్లి తిప్పాడు. ఏమీ లేదు. కళ్లు పూర్తిగా పోయాయని నిర్ధారించుకుని, పెళ్లాంతో కూడా చెప్పకుండా, గోడవైపు తిరిగి చాలాసేపు కూర్చున్నాడు.

సరిగ్గా అప్పుడు బైండరు వచ్చాడు, సగం మూతి మొద్దుబారి, నోట్లో దూదితో. మాట రాలేదు, చేతులు ఊపాడు. మాస్టారు దాన్ని వినయం అనుకున్నాడు. లోపల ఏముందో తెలుసుకోవడానికి ఆయనకి ఒకే దారి కనబడింది. ఆదివారం సభ పెడదామని, రచయిత స్వయంగా మొదటి అధ్యాయం చదవాలని అక్కడికక్కడే ప్రకటించేశాడు. బైండరు అడ్డంగా తల ఊపాడు. "అలా సిగ్గుపడకయ్యా," అన్నాడు మాస్టారు. పుస్తకం మాత్రం ఇవ్వలేదు, సభలోనే ఇస్తానన్నాడు. మత్తు వదిలేసరికి లైబ్రరీ గోడ మీద కాగితం అంటించేశారు.

మిగిలిన నాలుగు రోజులూ బైండరు విడికాగితాల మీద తంటాలు పడ్డాడు. రాసింది, 'మా అక్క.' కొట్టేసింది, 'మా అక్క.' ఒక మధ్యాహ్నం ఆవిడ పక్కన కూర్చుని, మన షాపులో మొదటిరోజు గుర్తుందా అక్కా అని అడిగాడు. ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసి, "మీకు షాపుందా? ఎక్కడండీ?" అంది. ఆయన అడ్రసు చెప్పాడు. తర్వాత పెరట్లోకి వెళ్లి ఏడ్చాడు.

ఆదివారం సాయంత్రం లైబ్రరీ మేడమీది గదిలో ముప్ఫై మంది చేరారు. అక్కని ఇంట్లో ఒంటరిగా వదలలేక ఆయన వెంట తెచ్చి ముందు వరసలో కూర్చోబెట్టాడు. మాస్టారు మైకు ముందు ఇరవై నిమిషాలు మాట్లాడాడు. ఈ పుస్తకంలో అనవసరమైన మాట ఒక్కటీ లేదన్నాడు. దీన్ని తెరిచిన క్షణం నుంచి తను మామూలు మనిషిని కాలేకపోతున్నానన్నాడు. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. పళ్ల డాక్టరు అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టాడు.

బైండరు లేచాడు. పుస్తకం తెరిచాడు. కాగితం తెల్లగా, తను ఎంచి తెచ్చిన కాగితమే, మెరుస్తోంది. ఏదో ఒకటి కల్పించి చదివినట్టు నటించవచ్చు. కాని ముందు వరసలో అక్క చేతులు ఒళ్లో పెట్టుకుని, బళ్లో పిల్లలా వినడానికి సిద్ధంగా కూర్చుని ఉంది.

"ఇందులో ఏమీ లేదండి," అన్నాడు ఆయన. "రెండువందల పేజీలూ ఖాళీ."

మాస్టారు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "ఖాళీయా? నిజంగా ఖాళీయేనా?" అని రెండుసార్లు అడిగాడు. లైబ్రేరియనమ్మ వచ్చి పేజీలు తిప్పి చూసి, ఖాళీయేనని చిన్నగొంతుతో చెప్పింది. మాస్టారు కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నాడు. మోసపోయినందుకు పెద్దాయన కుమిలిపోతున్నాడని జనం జాలిపడ్డారు. "అయితే నాకు చూపు పూర్తిగా పోలేదన్నమాట," అన్నాడు ఆయన తనలో తను. మైకు ఇంకా ఎదురుగానే ఉండటం వల్ల ఆ మాట వెనక వరస దాకా వినబడింది. దాయడానికి ఇక ఏమీ మిగలకపోయేసరికి ఆయన గొంతు మెత్తబడింది.

"పోనీలేవయ్యా. రాయాలనుకున్నదేదో నోటితో చెప్పు," అన్నాడు.

బైండరు చెప్పాడు. మొదట తడబడ్డాడు, తర్వాత తడబడుతున్న సంగతి మర్చిపోయాడు. నాన్న పోయేనాటికి అక్కకి పదిహేను, తనకి ఎనిమిది. నాన్న బైండింగు షాపుకి వచ్చినవాళ్లంతా ఆడపిల్ల చేతికి పుస్తకాలు ఇవ్వబోమని వెనక్కి వెళ్లిపోయారు. అప్పుడు అక్క షాపు మధ్యలో తెర కట్టింది. తమ్ముణ్ని ముందు ఎత్తుపీట మీద కూర్చోబెట్టి, మాట్లాడకుండా గంభీరంగా తల ఊపమని నేర్పింది. తను తెర వెనక కూర్చుని కుట్టింది. ఈ వయసులోనే ఎంత పనితనమని ఊరంతా పిల్లవాణ్ని మెచ్చుకుంది.

"ఒక పెద్దమనిషి నా వేళ్లు పట్టుకుని మరీ పొగిడాడండి. వాటి మీద ఒక్క సూదిపోటు లేదు. అదీ ఆయన చూడలేదు. పదకొండేళ్లు ఆవిడ కుట్టింది, నేను తల ఊపాను. మీరు ఇవాళ పొగిడిందీ అలాంటి పనినే. ఏది రాయబోయినా, ఇదీ నాది కాదేమోనని చెయ్యి ఆగిపోతుందండి." ఆయన పుస్తకం మూసేశాడు. "అంతే. మిగతాది రాయలేదు."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ముందు వరసలోంచి అక్క తల ఎత్తింది. ఆవిడ కళ్లు తడిగా ఉన్నాయి.

"తర్వాత ఆ పిల్ల ఏమైందండీ? తెర వెనకే ఉండిపోయిందా?"

ఆయన ఆవిడ కళ్లలోకి చూశాడు. తమ్ముడి కోసం వెతికాడు. అక్కడ తమ్ముడు లేడు, కథ చెప్పే పరాయి మనిషి ఒకడున్నాడు. మూడేళ్లు ఆలస్యమైంది. ఆ ఆలస్యం తనదే, ఇంకెవరిదీ కాదు. ఆ బాధ ఆయనకి నిలువునా తెలిసింది.

"రాసి చెప్తానండీ," అన్నాడు.

"త్వరగా రాయండి బాబూ. నాకు మతిమరుపు. రేపటికల్లా ఆ పిల్లని మర్చిపోతాను."

జనం మెట్లు దిగుతుండగానే ఆయన బల్ల దగ్గర కూర్చుని మొదటి వాక్యం రాశాడు. వంకరగా వచ్చింది, ఒకచోట సిరా కూడా అలుక్కుంది. లైబ్రేరియనమ్మ వచ్చి, లైబ్రరీ పుస్తకంలో కలంతో రాయడం నిబంధనలకి విరుద్ధమని చెప్పింది. కాసేపు ఆలోచించి, దాన్ని పదిహేను రోజుల గడువుతో ఆయన పేరు మీదే ఇచ్చి, గడువు ఎన్నిసార్లైనా పొడిగించుకోవచ్చంది. మాస్టారు మర్నాడే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాడు.

ఇప్పుడు బైండరు పొద్దున్నే లేచి రాస్తాడు, సాయంత్రం అక్కకి చదివి వినిపిస్తాడు. పుస్తకం చాలా బాగుందని, రాసినవాళ్లెవరో గాని ఆ పిల్లని దగ్గరనుంచి చూసినట్టు రాశారని ఆవిడ రోజూ మెచ్చుకుంటుంది. కాకపోతే రోజూ మొదటి పేజీ నుంచి చదవమంటుంది గనుక, రాయడం కొంచెం నెమ్మదిగా సాగుతోంది.