మూడో సిలిండరుకు కృతజ్ఞతలతో

నా భార్య యమున చనిపోయిన పన్నెండో రోజున మా పెట్రోలు కారు పికప్ కూడా పోయింది. ఇంత చక్కని సమయం చూసుకుని చెడిపోయిన కారు వరంగల్‌లో మరొకటి ఉండదు.

చెడిపోయిన ఇంజిన్ ఒక వరం. తొందరపడి నవ్వకండి. ఇరవై ఆరేళ్లుగా బళ్లో పాఠాలు చెబుతున్నవాణ్ని, ఆధారం లేకుండా మాట్లాడను.

మొదటి ఆధారం పలకరింపులు. మనిషి పోయిన ఇంటికి పలకరించడానికి వచ్చేవాళ్ల అవస్థ మీరెప్పుడైనా గమనించారా? మంచినీళ్లు తాగుతారు. ఫ్యాను వైపు చూస్తారు. ఏం మాట్లాడాలో తెలియక మళ్లీ మంచినీళ్లు తాగుతారు. చూసి చూసి నాకే జాలి వేసి, "కారు జర్కులు కొడుతోంది" అనేవాణ్ని. ముఖాలు వెలిగిపోయేవి! ఐదు నిమిషాల్లో అందరూ వాకిట్లో బానెట్ చుట్టూ చేరేవాళ్లు.

మా డ్రిల్లు మాస్టారు రాయమల్లు ఇంజిన్ చప్పుడు వినకుండానే తేల్చేశాడు. "ప్లగ్గులు పోయినయ్ సార్. మార్పియ్యుండ్రి, ఫికర్ లేదు." మార్పించాను. కారు అలాగే ఉంది. పక్కింటి సుదర్శన్ ట్యాంకు మూత తీసి వాసన చూశాడు. "పెట్రోల్ల నీళ్లు కలిసినయన్నా." ట్యాంకు ఖాళీ చేయించాను. కారు అలాగే ఉంది. సైన్సు సారు శ్రీనివాస్ ఎయిర్ ఫిల్టరు చేత్తో పట్టుకుని, ఇంజిన్‌కు గాలి ఎలా అందుతుందో అరగంట చెప్పాడు.

"క్లాసుల గూడ ఇంతసేపు చెప్పవు గద సారూ" అన్నాడు రాయమల్లు.

ఆ నెలలో మా ఇంట్లో నవ్వు వినిపించింది అప్పుడే. అది ఎవరి చలవ? కొత్త ఫిల్టరు కూడా వేయించాను. డ్యాష్‌బోర్డు మీద ఇంజిన్ బొమ్మ ఉన్న పసుపు లైటు మాత్రం ఆరలేదు.

ముగ్గురు వైద్యులు, మూడు మందులు. ఇదెప్పుడు మొదలైందని ఒక్కరూ అడగలేదు. ఏ నొప్పి గురించీ అడగకుండా మందు చెప్పగలగడం మామూలు విద్యా?

రెండో ఆధారం ఇంకా బలమైనది. మాలో పెద్దకర్మ అయ్యాక అత్తగారింటికి వెళ్లి ఒక రాత్రి నిద్ర చేసి రావాలి. మా అత్తమ్మ మొగిలమ్మది వర్ధన్నపేట. రోజూ పొద్దున్నే ఫోన్ చేస్తుంది.

"ఎప్పుడొస్తవు బిడ్డా?"

"కారు బాగలేదత్తమ్మా."

"ఏమైందట?"

"ఇంకా దొరకలేదు."

చూశారా, ఎంత మర్యాదైన జవాబు! వర్ధన్నపేటకు బస్సులున్నాయని ఆమెకు తెలియదా? ముప్పై ఏళ్లుగా ఆ బస్సుల్లోనే కూతురిని చూడటానికి వచ్చిన మనిషి. అయినా ఒక్కసారీ ఆ మాట అనలేదు. ఆమె నా పక్క వేసే గదిలో, పదో తరగతి పాసైన రోజు యమున దిగిన ఫొటో ఉంటుంది. ఈ సంగతి ఫోన్లో చెప్పడం కంటే ఇంజిన్ గురించి చెప్పడం సులువు.

ఇలా ఆరు వారాలు సాఫీగా సాగుతున్న కథను జహీరుద్దీన్ వచ్చి పాడుచేశాడు. కాజీపేటలో మెకానిక్. మా కారు మంచిచెడ్డలు చూసుకునేది యమునే కాబట్టి అతను నాకంటే ఆమెకే బాగా పరిచయం. పలకరించడానికి వచ్చాడు. అలవాటుగా కారు సంగతి ఎత్తాను. అతను బానెట్ ఎత్తలేదు. ప్రశ్నలు మొదలుపెట్టాడు.

"చల్లగున్నప్పుడు కొడతాందా సార్, వేడెక్కినంకనా? నిలబడ్డప్పుడు గూడ కొడతాందా?"

"గమనించలేదు, జహీర్."

"యమునక్కయితే అన్నీ చెప్పేది. ఏ గేర్ల, ఏ మలుపు కాడ. సగం పని అక్కనే చేసేది."

యమున పోయాక మా వాకిట్లో నిలబడి ఆమె పేరు పలికిన మొదటి మనిషి అతనే. నేను లోపలికి వెళ్లి మంచినీళ్లు తెచ్చాను. ఆ నీళ్లు నేనే తాగాను.

అతను స్కానరు తగిలించాడు. ఇంజిన్ మూడో సిలిండరులో పెట్రోలు సరిగా మండడం లేదని అది చూపించింది. ఆ సిలిండరు ప్లగ్గుకు కరెంటు అందించే కాయిల్ తీసి రెండోదానికి, రెండోదానిది మూడోదానికి పెట్టి స్టార్ట్ చేశాడు. ఈసారి తప్పు రెండో సిలిండరులో చూపించింది.

"ఊకె సామాన్లు మారిస్తే ఎట్ల సార్? అనుమానమున్నదాన్ని జాగ మార్చి చూడాలె. తప్పు దాని ఎంబడి పోతే తప్పు దానిదే. పోకుంటే వేరే కాడ ఎతకాలె."

మర్నాడు కొత్త కాయిల్ వేశాడు. పసుపు లైటు ఆరింది. రాయమల్లు కొంచెం నిరాశపడ్డాడు.

జహీరుద్దీన్ పద్ధతి మంచిదే. నేనూ ప్రయోగించి చూశాను. కాయిల్ మారింది, ఇంజిన్ నిమ్మళంగా తిరుగుతోంది, బండి మాత్రం గేటు దాటలేదు. అంటే తప్పు కాయిల్‌తో పాటు పోలేదు. వేరే చోట వెతకాలి. ఎక్కడ వెతకాలో నాకు తెలుసు.

ఈరోజు పొద్దున అత్తమ్మ ఫోన్ చేస్తే, టైర్లలో గాలి తగ్గిందని చెప్పాను. సరే బిడ్డా అంది.

కారు బాగై తొమ్మిది రోజులైంది. వర్ధన్నపేటకు నేను ఇంకా వెళ్లలేదు.