అక్క సంచికి సర్టిఫికెట్

అన్నం అరగాలంటే ముందు పొలానికి టికెట్ కొనాలి. నవ్వకండి, బాగా ఆలోచించే చెబుతున్నాను. టికెట్ లేకుండా చూసిన వంకాయ కూడా ఒక వంకాయేనా?

మా బందరులో ఈ సత్యాన్ని అందరికంటే ముందు గ్రహించినవారు మా పక్కింటి సాల్మన్ రాజు గారు. బ్యాంకు మేనేజరు. దివిసీమలో వరిచేల మధ్యే పుట్టి పెరిగారు. అయితే ఏం? సొంత ఊళ్లో చూస్తే అది ఉత్త పొలం. అదే టికెట్ కొని ఫామ్ టూరుకు వెళితే, గుడివాడ రోడ్డులో ఆర్గానిక్ ఫామ్ వాళ్లు తాటాకు టోపీ పెట్టి, బెల్లం పానకం ఇచ్చి, ఆవు పక్కన నిలబెట్టి ఫొటో తీస్తే జ్ఞానోదయం!

ఆ రోజు నుంచి ఆయన నోట్లోకి వెళ్లే ప్రతి ముద్దా తన పుట్టుపూర్వోత్తరాలు చెప్పుకోవాల్సిందే. టిఫిన్ సెంటర్లో ఇడ్లీ మినుములు ఏ ఊరివని అడిగారు. వాళ్లు పార్సిల్ చేతిలో పెట్టి సాగనంపారు. చేపల సత్యవతమ్మ గంప దించగానే, ఈ చేప ఏం తిని పెరిగిందని అడిగారు.

“సముద్రంలో దానికి నేను దగ్గరుండి వడ్డించలేదండీ,” అని ఆవిడ గంప ఎత్తుకుని మా గేటు ముందుకొచ్చింది. ఆ వారం మా ఇంట్లో పండుగప్ప పులుసు. ఫామ్ టూర్ల వల్ల సమాజానికి మేలు లేదని ఎవరన్నారు?

అసలు పరీక్ష కోతలయ్యాక వచ్చింది. అవనిగడ్డ అవతల ఒక ఊళ్లో వ్యవసాయం చేసుకునే దయామణి గారు ఆయనకు సొంత అక్క. తమ్ముడి కాలేజీ రోజుల్లో బస్సు డ్రైవరు చేత రోజూ క్యారియర్ పంపిన మనిషి. ఇప్పటికీ ఏటా అదే బస్సులో ఒక సంచి పంపుతారు. కొత్త బియ్యం, పెరటి చిక్కుళ్లు, ఒక గుమ్మడికాయ. ఈసారి ఆయన ఆ సంచిని గుమ్మంలోనే ఆపేశారు. సర్టిఫికెట్ ఏదన్నారు. పండించిన రైతు ఫొటో ఏదన్నారు.

“హాల్లో ఉందిగా, మన పెళ్లి ఫొటోలో మీ పక్కనే,” అన్నారు ఆయన భార్య రాజకుమారి గారు.

ఆయన వింటేనా! అక్కకే ఫోన్ చేసి, ఏం మందులు కొడుతున్నారో తెలియదు కాబట్టి ఇకమీదట పంపొద్దని ఎంతో మర్యాదగా చెప్పారు. ఆవిడ సరేలే తమ్ముడూ అని ఫోన్ పెట్టేశారట. ఆ మాట విని నాకు మనసు చివుక్కుమంది. కానీ ఆరోగ్యం ముందు అక్కలెంత!

ఇంతలో చర్చిలో కోత పండుగ వచ్చింది. ఆ రోజు ఎవరి పంట వారు తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. ఆరాధన అయ్యాక ఆవరణలో వాటిని వేలం వేస్తారు. రాజకుమారి గారు ఆ సంచిలో సరుకంతా వెదురుబుట్టలో సర్ది, పైన నాలుగు బంతిపూలు పెట్టి, చడీచప్పుడు లేకుండా అక్కడ పెట్టి వచ్చారు.

వేలంలో ఆ బుట్ట పైకెత్తగానే సాల్మన్ రాజు గారు ఒక చిక్కుడుకాయ విరిచి వాసన చూసి కళ్లు మూసుకున్నారు. ఆర్గానిక్ అంటే ఇదీ అని చుట్టుపక్కలవారికి ప్రకటించారు. దేవసహాయం మాస్టారు పోటీకి వచ్చారు గానీ, మేనేజరు గారి ముందు నిలవగలరా? చివరికి బుట్ట గెలుచుకుని, చంటిపిల్లను మోసినట్టు ఇంటికి తెచ్చుకున్నారు.

ఇక ఆ అన్నం మీద మా వీధంతటికీ ఉపన్యాసాలే. చిన్నప్పటి రుచి అన్నారు. ఇలాంటి ఫామ్ చూడకపోతే బతుకు దండగ అన్నారు. ఒక రోజు భోజనానికి కూర్చుని, ఆ బుట్ట ఏ ఫామ్‌దో కనుక్కుంటే టూర్ బుక్ చేస్తానని భార్యతో అన్నారు.

“అవనిగడ్డ బస్సెక్కండి,” అన్నారు రాజకుమారి గారు. “అవనిగడ్డ దాటాక దిగి, దయామణి గారిల్లు ఎక్కడని అడగండి. దారి మర్చిపోయుంటారు.”

ఆయన ముద్ద కంచంలో దించి, బస్సు ఎన్నింటికని అడిగారట.

మర్నాడు సెలవు పెట్టి వెళ్లారు. అక్కడ టికెట్ లేదు, టోపీ లేదు. ఆవు ఉంది గానీ ఫొటోకి నిలబడలేదు. అక్క అన్నం పెట్టారు. ఆయన ఏది ఎక్కడిదని అడగకుండా తిన్నారు. అందుకే ఫామ్ టూర్లు ఇంకా పెరగాలంటాను. ఎవరిదో తోటకు టికెట్ కొంటే తప్ప తోబుట్టువు ఇంటికి దారి కనిపించని రోజులు మనవి!

రాజకుమారి గారు ఫోన్లో ముందే అంతా చెప్పేసినట్టున్నారు. ఆయన బయల్దేరుతుంటే అక్క సంచి మూతి కట్టి చేతికిస్తూ ఒకటే అడిగారట.

“ఇది ఇంటికా తమ్ముడూ, చర్చికా?”

ఆయన బస్సులో పైన బోలెడంత చోటున్నా, ఆ సంచిని ఒళ్లోనే పెట్టుకుని బందరు దాకా వచ్చారు.