వాసన లేని అద్దెదారు

నిప్పుల్లోంచి పుట్టే బొగ్గుగాలికి వార్డు ఆఫీసు అద్దెదారు హక్కు ఇచ్చాక, అది ఎవరింట్లో దిగినా ఇంటివాళ్ళు సర్దుకోవాల్సి వచ్చింది. షరతులు రెండే. గదిలో నిప్పులుండాలి, గాలి పోయే దారి ఉండకూడదు. దానికి రంగు, వాసన, చప్పుడు లేవు గనక పోలీసు విచారణ అక్కర్లేదన్నారు. పైగా అది దిగిన ఇళ్ళ నుంచి ఇంతవరకూ ఒక్క ఫిర్యాదూ లేదు. ఫిర్యాదు చేయడానికి ఆ ఇళ్ళలో తెల్లారి ఎవరూ లేవలేదు.

చలి ముదిరాక అది కొండవాలు పేటలో పైడితల్లి ఇంటికొచ్చింది. పైడితల్లి కూతురు సుభద్ర పచ్చి బాలింత. బాలింతకి చలిగాలి తగలకూడదని పైడితల్లి అత్తగారు నూకాలమ్మ కిటికీ సందుల్లో పాతచీర గుడ్డలు కుక్కి, మంచం పక్కన కుంపటి పెట్టి, తలుపు బిగించింది. ఆఫీసు అడిగిన రెండు షరతులూ ఆవిడ చేతిమీదుగానే పూర్తయ్యాయి.

పైడితల్లికి కుక్కరు కూసినా భయమే, కూయకపోయినా భయమే. ఆవేళ కూతురు తలనొప్పి అంది.

"అత్తా, తలుపు తీద్దాం. పసిదాన్ని చూడు, పాలకి కూడా ఏడవట్లేదు."

"ఏడవకపోతే మంచిదే కదే. పొగన్నదే నేదు, నీకు భయమేటి? ఈ కుంపటి దగ్గరే నలుగుర్ని కన్నాను."

"ఎందరు మిగిలారత్తా?"

నూకాలమ్మ కిటికీ సందులో గుడ్డని ఇంకాస్త లోపలికి నొక్కింది. "ఇద్దర్ని చలి పట్టుకుపోయింది. అందుకే కదే గుడ్డలు కుక్కతన్నాను."

అద్దెదారు బాగోగులు చూడ్డానికి వచ్చిన గుమస్తా అప్పలస్వామి స్టూలు లాక్కుని గదిలో కూర్చున్నాడు.

"ఉన్నపళంగా పొమ్మనకూడదమ్మా. నోటీసివ్వాలి. దాని మాట కూడా వినాలి," అన్నాడు. వింటూ వింటూ ఆవులించాడు. "ఎంత నెమ్మదస్తుడో," అని గోడకి చేరగిలబడ్డాడు.

పైడితల్లి నోటీసు ఇవ్వలేదు. తలుపు బార్లా తీసి, పసిదాన్ని ఎత్తుకుని, కూతురి రెక్క పట్టుకుని వాకిట్లోకి నడిపించింది. నూకాలమ్మ గొణుక్కుంటూ వెనకే వచ్చింది. ఊపిరి బిగబట్టి మళ్ళీ వెళ్ళి గుమస్తాని కాలరు పట్టుకుని ఈడ్చుకొచ్చింది.

చలిగాలి మొహాన కొట్టగానే పసిది ఎర్రబడి, పేటంతా వినబడేలా ఏడ్చింది. పైడితల్లి నవ్వింది. ఆమె నవ్వగా పేటలో ఎవరూ చూసి ఎరగరు. తల్లీబిడ్డల్ని ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్తే డాక్టర్లు ప్రాణవాయువు పెట్టి, వేళకి తెచ్చారన్నారు. ఇంటి దగ్గర నూకాలమ్మ ఆ ఏడుపునే తలుచుకుంటూ కిటికీ గుడ్డలన్నీ తనే పీకేసింది. కుంపటిని వాకిట్లోకి ఈడ్చి నీళ్ళు పోసింది. తన బొంత తెచ్చి మనవరాలి మంచం మీద పరిచింది.

గుమస్తా వాంతి చేసుకుని, మొహం కడుక్కుని, అద్దెదారు తన ఇష్టంతో ఖాళీ చేసినట్టు రాసుకున్నాడు. దానికి పక్క వీధిలో ఇల్లు చూపించాడు.

"మూసిన గదులకి కరువేటమ్మా," అన్నాడు.

ఫిర్యాదులు లేనందుకు ఆ ఏడాది ఆఫీసు దాన్ని ఉత్తమ అద్దెదారుగా ఎంచింది. సాయంత్రమయ్యేసరికి పేటలో కిటికీలు ఒక్కొక్కటే మూసుకునేవి. పైడితల్లి ఇంట్లో మాత్రం చలికాలమంతా తెరిచిన కిటికీ కింద అందరూ వణుకుతూ ఆమెని తిట్టుకున్నారు. ఆ తిట్లు వినబడుతున్నంతసేపూ ఆమె హాయిగా నిద్రపోయింది.