కోల్డ్ స్టోరేజీలో మాయమైన విండో

"ఈ జిల్లాలో నేరం అనేది ఇంకా మిగిలుందంటే, నాకు కాటా దగ్గర డ్యూటీ ఉండబట్టేరా గౌసూ" అన్నాడు కోటేష్, నల్ల కళ్లద్దాలు పెట్టుకుంటూ.

మార్టూరు దగ్గర మిర్చి కోల్డ్ స్టోరేజీలో వాడు కాటా చూస్తాడు, నేను గేటు చూస్తాను. ఆ పొద్దున కంప్యూటర్లో గేట్ పాస్ ఇచ్చే విండో కనపడలేదు. ప్రోగ్రాం నడుస్తోంది, విండో లేదు. పాస్ లేనిదే రైతు రాఘవమ్మగారి నలభై టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, గది దాటవు. లారీ డ్రైవరు పన్నెండు దాకే ఆగుతానన్నాడు. పదకొండున్నరయింది.

"కిడ్నాప్" అన్నాడు కోటేష్.

ప్రోగ్రాం రాసిన ఆరాధన పరుగున వచ్చి కంప్యూటర్ ముందు కూర్చుంది. "కర్సర్ క్లాసని చిన్న ప్రోగ్రాం ముక్కొకటి రాశానన్నా. విండో లక్షణాల మీదుగా ఒక్కొక్కటే నడుస్తుంది. ఎంటర్ కొడితే తర్వాతదానికి పోతుంది. తప్పున్నచోట కొత్త అంకె కొడితే మారుతుంది."

"అనుమానితులు వరసలో వస్తారన్నమాట. లే తల్లీ, విచారణ నాది" అని కుర్చీ లాక్కున్నాడు.

మొదట పేరొచ్చింది. గేట్ పాస్. "సొంత పేరేనా?" అని స్క్రీనుని అడిగాడు. తర్వాత వెడల్పు, ఎనిమిది వందలు. "ఇంత ఒళ్లుతో ఎక్కువ దూరం పోలేదు." ఆ తర్వాత, కనిపిస్తోందా? అవును.

"అబద్ధం" అని బల్ల గుద్దాడు.

"అది నిజమే చెబుతోందన్నా. నన్ను చూడనీ."

"దొరికినోళ్లంతా నిజమే చెబుతున్నామంటారమ్మా."

రాఘవమ్మ గుమ్మంలో చతికిలబడింది. "నాయనా, లారీవాడు ఇంజను స్టార్టు చేశాడు."

ఎడమ అంచు వచ్చింది. మైనస్ పంతొమ్మిది వందలు. "సున్నాకన్నా కింద ఉన్నాడు, పాపం పేదోడు. వదిలేద్దాం" అన్నాడు కోటేష్.

"అదేనన్నా, అదే" అని ఆరాధన చెయ్యి చాపేలోపు గోడౌన్ లోంచి మిరపఘాటు కొట్టింది. కోటేష్ తుమ్మాడు. చెయ్యి జారి సున్నా మీదా, ఎంటర్ మీదా పడింది. విండో వచ్చి ఎదురుగా నిలబడింది.

"వాస్తు కుదరలేదని నిన్న ఎడమపక్క స్క్రీను తీసేశారు గదా. ఇది ఇంకా అందులోనే ఉన్నాననుకుంటోంది" అంది ఆరాధన, పాస్ ప్రింటు తీస్తూ.

"నా పథకమూ అదే" అన్నాడు కోటేష్, ముక్కు తుడుచుకుంటూ.

రాఘవమ్మ పాస్ తీసుకుంది గానీ లేవలేదు. "ఒంటి తుమ్ము. ఇంకోటి తుమ్మితేగాని నేను బండెక్కను."

కోటేష్ ముక్కు ఎగబీల్చాడు. ఎండలోకి చూశాడు. రాలేదు. బయట హారను మోగింది. నేనొక మిరపకాయ తుంచి వాడి ముక్కు కింద పెట్టాను. రెండో తుమ్ముకి కీబోర్డు నేల మీద పడింది. విండో మళ్లీ మాయమైంది.

రాఘవమ్మ పాస్ కొంగున ముడేసుకుని లేచింది.

"ఇక మీరు నిదానంగా వెతుక్కోండి నాయనా" అంది.