రేడియో స్టేషన్ మంజూరు కోరుతూ

ఏడుమద్ది తండావాసులకు ఏ ప్రమాదమూ లేదని ప్రభుత్వంవారు ఇప్పటికి మూడుసార్లు ధ్రువీకరించారు. ఖమ్మం నుంచి భద్రాచలం పోయే దారిలో, ఇక అడవి మొదలవుతుందనగా కుడిచేతి వైపు తెల్లగా కనిపించే ఊరు అదే. పండక్కి సున్నాలు వేశారనుకునేరు. పక్కనే ఉన్న బొగ్గు కరెంటు కార్ఖానా పొగగొట్టంలోంచి రాలే బూడిద అది. ఇరవై ఏళ్లుగా ఉచితంగా రాలుతోంది. ఒక్కరోజు కూడా నాగా పెట్టిన పాపాన పోలేదు.

తండావాళ్ళు కృతజ్ఞత గలవాళ్ళు, బూడిదను ఏమీ అనేవారు కాదు. కల్లంలో ఎర్రగా ఆరబోసిన మిరపకాయల్ని సాయంత్రానికి తెల్లగా ఎత్తుకునేవారు. తండాలో ఏ గేదె ఎవరిదో కడిగితే గానీ తేలేది కాదు. ఇక కార్ఖానాలో పుట్టిన కరెంటు తండా నెత్తిమీదుగా లావుపాటి తీగల్లో హైదరాబాదుకు పరుగెత్తేది. తండాకు మాత్రం రోజుకు ఆరు గంటలు కోత. దీపం కిందే చీకటి అని మీరూ నేనూ సామెతగా వాడుకుంటాం, వాళ్ళు అందులోనే కాపురం ఉన్నారు.

ఆ తండాలో పుట్టి, పక్క హైస్కూల్లోనే ఫిజికల్ సైన్సు చెబుతున్న బలరాం మాస్టారికి ఒక కూతురు. పేరు సోని, ఆరో తరగతి. పిల్లకు కంఠం ఇచ్చిన దేవుడు దానికి సరిపడా ఊపిరి ఇవ్వడం మరిచాడు. పొద్దున్నే బడిలో ప్రార్థన పాట సోనియే ఎత్తుకునేది. నాలుగు చరణాల పాటలో రెండో చరణం దగ్గర ఛాతీలో గురగుర మొదలయ్యేది. మిగతా రెండు చరణాలూ పిల్లలంతా కలిసి లాగించేవారు. కూతురు పక్కకు వెళ్లి మోకాళ్ళమీద చేతులు పెట్టుకుని వంగి ఎగశ్వాస తీస్తుంటే, మాస్టారు హాజరుపట్టీ తెరిచి దాంట్లోకి చూసేవాడు. ఆ పట్టీలో ఆయనకు ఏ పేరూ కనిపించేది కాదు.

అది రెండువేల ఎనిమిదో సంవత్సరం. అణు కరెంటు మంచిదా చెడ్డదా అని దేశమంతా కొట్టుకుంటున్న రోజులు. ఖమ్మం జిల్లాలో అణు కార్ఖానా పెడతామని ఎవరూ అనలేదు. అయినా ముందుజాగ్రత్త మంచిదని 'అణుభూత నివారణ వేదిక' వారు హైదరాబాదు నుంచి ఎనిమిది సుమోల్లో ఏడుమద్ది తండాకు దయచేశారు. ప్రకృతి ఒడిలో నిర్మలంగా బతుకుతున్న గిరిజనులను అణుభూతం నుంచి కాపాడటం వారి ఆశయం. కార్ఖానా బూడిద గుట్ట పక్కన నీడ బాగుందని షామియానా అక్కడే వేయించారు.

వేదిక అధ్యక్షులవారు మైకు అందుకోగానే కరెంటు పోయింది. వారు ఇలాంటివి ఊహించగలిగిన దార్శనికులు కనుక డీజిల్ జనరేటరు వెంటబెట్టుకునే వచ్చారు. దాని పొగలో సభ సజావుగా సాగింది.

"సోదర సోదరీమణులారా! ఈ గాలి ఎంత స్వచ్ఛం! ఈ నేల ఎంత పవిత్రం!" అని అధ్యక్షులు దగ్గారు. "అణుభూతం వస్తే ఈ గాలి, ఈ నేల..." మళ్ళీ దగ్గారు. "మన బిడ్డల ఊపిరి ఏమైపోతుంది?" ఆ పైన ఐదు నిమిషాలు దగ్గే సరిపోయింది. జనం చప్పట్లు కొట్టారు.

బలరాం మాస్టారు లేచి నిలబడ్డాడు. సభల్లో లేచి నిలబడటం ఆయనకు అలవాటు లేదు, కానీ ఆ రోజు పొద్దున సోని రెండో చరణం కూడా పూర్తి చేయలేదు.

"సార్, కరెంటైతే అందరికీ కావాలె కద. ఎక్కడనో ఒకచోట పుట్టియ్యాలె. అణు కరెంటుకు పొగ లేదు, బూడిద లేదు. చెత్త కొంచెమే, గది ప్రమాదమే, గని దాన్ని పెట్టెల పెట్టి తాళమేసి కావలి కాస్తరు. బొగ్గు చెత్తను ఎక్కడ పెడుతుండ్రు సార్? మా పిల్లల ఛాతీలల్ల పెడుతుండ్రు. దానికి తాళం లేదు, కావలి లేదు."

అధ్యక్షులు చిరునవ్వు నవ్వారు. "మాస్టారు అమాయకులు. బొగ్గు మనకు తెలిసిన చుట్టం. అణువు కంటికి కనపడని శత్రువు. దాన్ని పట్టే యంత్రం ఇదిగో!" అంటూ సబ్బుబిళ్ళంత మీటరు ఒకటి జేబులోంచి తీశారు. "మీ గడ్డ మీద రేడియేషన్ లేదని మీ కళ్ళతో మీరే చూడండి!" అని వంగి పక్కనున్న బూడిద గుట్ట మీద పెట్టారు.

మీటరు టిక్కుటిక్కుమంది. జనం తలలు ముందుకు వంచారు. బండరాయిలో ఉన్నట్టే బొగ్గులోనూ పిసరంత యురేనియం ఉంటుంది, బొగ్గు కాలిపోయాక అది బూడిదలో మిగులుతుంది. పదో తరగతి పిల్లవాడికి తెలిసిన సంగతి. అధ్యక్షులవారు మాత్రం మీటరును అక్కడే వదిలేసి సుమో ఎక్కారు. మిగతా ఏడు సుమోలూ ఆయన దుమ్ములోనే వెళ్లాయి.

మాస్టారి తల్లి హేమ్లికి చెవులు కొంచెం మందం. "ఏందిరా బాలూ, అందరు గట్ల ఉరుకుతుండ్రు?" అని అడిగింది.

"రేడియేషన్ వచ్చిందంట యాడీ," అన్నాడు మాస్టారు. తండాలో అమ్మను అలాగే పిలుస్తారు.

"రేడియో స్టేషన్ కొత్తగూడెంల ఉన్నది గదరా. మనకేంటికి ఇంకోటి?"

అడవిలో మంట ఆర్పడానికైనా ఆర్డరు కావాలి గానీ 'రేడియేషన్' అనే మాటకు అక్కర్లేదు. మర్నాటికల్లా తండాకు అంబులెన్సు వచ్చింది. ఇరవై ఏళ్లుగా ఎవరికీ కనబడని తండా ఒక్క మాటతో పటంలోకి ఎక్కింది. ఇద్దరు డాక్టర్లతో డేరా దవాఖానా వెలిసింది. ముక్కుకు గుడ్డలు పంచారు. బూడిద లారీలకు టార్పాలిన్లు కప్పారు, చెట్లను ట్యాంకర్లతో కడిగారు. చింతచెట్టు ఆకులు పచ్చగా ఉంటాయని పిల్లలు అప్పుడే చూశారు. పొగగొట్టంలో బూడిదను పట్టే యంత్రాన్ని వెంటనే నడపాలని కార్ఖానాకు తాఖీదు వెళ్లింది. అలాంటి యంత్రం ఒకటుందని ఊరికి ఆ రోజే తెలిసింది. కరెంటు ఎక్కువ తాగుతుందని ఆపి ఉంచారట. కరెంటు కార్ఖానాలో కరెంటు పొదుపు ఎంత ముఖ్యమో తెలిసినవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు.

డాక్టరు సోని ముక్కుకు గొట్టం పెట్టి, పొగలాంటి మందు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పట్టించాడు. పదకొండో రోజు ప్రార్థనలో సోని రెండో చరణం దాటింది. మూడో చరణం పాడింది. నాలుగోదీ పాడి, ఇంకేం పాడాలో తెలియక తండ్రి వైపు చూసి నవ్వింది. బలరాం మాస్టారు హాజరుపట్టీ మూసేసి, చాటుకు వెళ్లి కళ్ళు తుడుచుకున్నాడు. సిగ్గుపడవలసింది అందులో ఏమీ లేదు, నేనైతే అక్కడే ఏడ్చేవాణ్ణి.

పన్నెండో రోజు నిపుణుల సంఘం వచ్చింది. చుట్టుపక్కల ఫిజిక్సు తెలిసినవాడు బలరాం మాస్టారొక్కడే గనుక ఆయన వాంగ్మూలం కావాలన్నారు. బయల్దేరుతుంటే హేమ్లి కొడుకు చెయ్యి పట్టుకుంది.

"రేడియో స్టేషన్ ఉన్నదనే చెప్పు బిడ్డా. గది వచ్చినంకనే దాక్టరు వచ్చిండు, పిల్ల పాట పాడింది. నీ నోటితోని తీసెయ్యకు."

"లేని ప్రమాదం ఉన్నదని చెప్పి రేపు పిల్లలకు ఏం పాఠం చెప్పాలె యాడీ? అసలు ప్రమాదమేందో చెప్తే దానికే మందేస్తరు."

మాస్టారిది అలాంటి నమ్మకం. సైన్సు మనసుపెట్టి చదివినవాళ్ళకు వచ్చే జబ్బు అది, దానికి ఆ దవాఖానాలో మందు లేదు.

సంఘాధ్యక్షుడు సూటిగా అడిగాడు. "ఈ బూడిదలో రేడియేషన్ వల్ల ప్రాణహాని ఉందా, లేదా?"

మాస్టారికి సోని నవ్వు గుర్తొచ్చింది. అయినా ఉన్నదున్నట్టే చెప్పాడు. "రేడియేషన్ శానా తక్కువ సార్. గ్రానైటు బండ మీద కూసున్నా కొంత వస్తది. ప్రాణాలు తీసేది దుమ్ము. ఊపిరితిత్తులల్ల పేరుకునే గీ సన్నటి దుమ్ము సార్. ఆ యంత్రాన్ని మాత్రం ఆపియ్యకుండ్రి."

సంఘం మొత్తం ఒక్కసారిగా ఊపిరి పీల్చుకుంది. "అంటే ఉత్త దుమ్మేనా? ఎంత భయపెట్టారండీ!" అని అధ్యక్షుడు మాస్టారి భుజం తట్టాడు. 'సదరు పదార్థం కేవలం బూడిద అని స్థానిక విజ్ఞానవేత్త ధ్రువీకరించినందున ప్రజలు భయపడవలసిన పనిలేదు' అని అక్కడికక్కడే నివేదిక రాసి, మాస్టారితో సంతకం చేయించారు. నిజం చెప్పిన వాంగ్మూలం కాబట్టి ఆయన చేయక తప్పలేదు.

మధ్యాహ్నానికల్లా డేరా పీకారు. సోని ముక్కుకున్న గొట్టం సగం మందులోనే తీసుకున్నారు, సర్కారు సొత్తు కదా. సాయంత్రం నుంచి యంత్రం పొదుపు చేయడం మొదలుపెట్టింది. వారం తిరిగేసరికి చింతచెట్టు మళ్ళీ తెల్లబడింది, సోని మళ్ళీ రెండో చరణం దగ్గర ఆగింది.

హేమ్లి కొడుకు ముందు కాగితం పెట్టింది. సోమవారం ఖమ్మం కలెక్టరాఫీసుకు పోదాం, దరఖాస్తు రాయమంది. తను చెబుతుంటే మాస్టారు రాశాడు: "కలెక్టరు దొరగారికి హేమ్లి దండాలు. మా తండాకొచ్చిన రేడియో స్టేషన్‌ను పన్నెండు దినాలకే ఎత్తేసిండ్రు. గది ఉన్నన్ని దినాలు మా పిల్ల సుఖంగ ఊపిరి తీసింది. దయచేసి మళ్ళొకటి మంజూరు చెయ్యాలె. పెద్దది కాకున్నా మంచిదే." స్టేషన్ అన్నచోట మాస్టారి కలం ఆగింది. దిద్దబోయి, దిద్దకుండా రాసేశాడు. జీవితంలో ఆయన తెలిసి వదిలేసిన తప్పు అదొక్కటే.

మూడు నెలలకు జవాబు వచ్చింది. "రేడియేషన్ సంబంధిత వసతి కోరుతూ మీరు పెట్టుకున్న దరఖాస్తు పరిశీలించడమైనది. అణు సంబంధ కార్యకలాపాలు ప్రజారోగ్యానికి హానికరమని మీ తండాలోనే జరిగిన మహాసభ చాటినందున తిరస్కరించడమైనది. ప్రజల భద్రతను దృష్టిలో ఉంచుకుని, మీ తండాకు ఆనుకుని రెండో బొగ్గు పొగగొట్టం మంజూరు చేయడమైనది."

శంకుస్థాపనకు అణుభూత నివారణ వేదిక అధ్యక్షులే ముఖ్య అతిథి. కంటికి కనపడని శత్రువును తండా పొలిమేర నుంచి తరిమినందుకు వారికి శాలువా కప్పారు. ప్రార్థన పాటకు సోనిని వేదిక ఎక్కించారు. పిల్ల మొదటి చరణం పాడింది. రెండో చరణం ఎత్తుకుంది, సగంలో ఆగి, మైకు కడ్డీని రెండు చేతులా పట్టుకుని నిలబడింది. మైకులో కాసేపు గురగుర వినిపించింది. స్టేషన్ సరిగ్గా తగలడం లేదని మైకువాడు మీట తిప్పాడు. పాట చిన్నదైనా చక్కగా ఉందని అందరూ చప్పట్లు కొట్టారు. ఆ రాత్రి టీవీలో చూసి, ఫ్యాను కింద కూర్చున్న మనమూ కొట్టాం.