ఎడమ నుంచి అక్క, కుడి నుంచి బావ

కాల్క్యులస్‌ని పిల్లల నెత్తిన రుద్దుతున్నారని గోలపెట్టేవాళ్ళకి ఒక్కటే మనవి. సంసారాలు నిలబెట్టడానికి దాన్ని మించిన శాస్త్రం లేదు! నమ్మరా? అయితే మా అక్క వంటింట్లోకి రండి.

మా అక్క నర్సు. మా బావకి డ్రైవింగ్ స్కూలుంది. ఒక్కగానొక్క కూతురు ఏం చదువుతుందో సాయంత్రంలోగా కాలేజీకి చెప్పాలి. అక్క నర్సింగ్ అంటుంది, బావ ఆటోమొబైల్ అంటాడు. ఇద్దరికీ మాటల్లేవు. తీర్పు చెప్పమని నన్ను పిలిచారు. వాళ్ళిద్దరూ చాలనట్టు!

మా మేనకోడలు బల్ల మీద గ్రాఫ్ కాగితం పరుచుకుని కూర్చుంది. "ఏంటమ్మా అది?" అన్నాను.

"ఎడమ గీత ఇక్కడిదాకా వచ్చి ఆగింది మావయ్యా. కుడి గీతేమో అంత పైకొచ్చి ఆగింది. రెండూ ఒకచోటికి చేరలేదు. అంటే ఇక్కడ లిమిట్ లేదు. టాంజెంట్ గీయలేం, వాలెంతో చెప్పలేం."

"వాలంటే నాకు తెలీదా? ఎత్తు మీద బండాపి బ్రేకొదిలి చూడు!" అన్నాడు బావ.

"ఆయన బ్రేకులొదిలేసి చాలా ఏళ్ళయింది," అంది అక్క, నాతోనే.

చూశారా! ఎవరి వైపు నుంచి వాళ్ళు రైటే. తప్పల్లా లిమిట్‌ది! ఈ పాఠం పెళ్ళినాడే చెప్పేస్తే ఏ ఇంట్లోనైనా గిన్నెలు ఎగురుతాయా?

"మరి నడుమ, సరిగ్గా ఆ బిందువు దగ్గర ఎంత?" అన్నాను, నాకేదో తెలిసినట్టు.

"అది ఎవరూ అడగరు మావయ్యా. లిమిట్‌కి దాంతో పనిలేదు. అటూ ఇటూ దగ్గరిదాకా వచ్చేవాళ్ళ సంగతే చూస్తుంది."

ఆహా, ఎంత మర్యాద తెలిసిన గణితం! పెద్దవాళ్ళ కోసమే పుట్టినట్టుంది! పొద్దుట్నుంచీ మేం ముగ్గురం చేస్తున్నది అదే కదా.

అప్పుడు చేసిందండీ ఆ పిల్ల ఓ పని. పెన్ను తీసి, రెండు గీతలకీ అందనంత ఎత్తున, సరిగ్గా ఆ బిందువుకి పైన, ఒక నల్లచుక్క పెట్టింది.

"ఇది నేను. నేను లెక్కలు చదువుతాను," అంది. ఫోన్ తీసి కాలేజీకీ అదే చెప్పేసింది.

"ఏంటీ?" అన్నారు అక్కా బావా ఒక్కసారే. ఇన్నాళ్ళకి ఎడమా కుడీ కలిశాయి!

అందుకని నా మాట కొంచెం సవరించుకుంటున్నాను. ఎడమ లిమిట్ నేర్పండి, కుడి లిమిట్ నేర్పండి, వద్దన్నదెవరు? ఆ చుక్క పెట్టుకోవడం మాత్రం పిల్లలకి నేర్పకండి. ఇంతమంది పెద్దవాళ్ళం ఉండి, ఇక మేమేం చెయ్యాలి చెప్పండి!