అత్తగారికి వచ్చిన మాట

ఆ పూట గొడవ దువ్వెన దగ్గర మొదలైంది. "తీసిన చోట పెడితే చెయ్యి అరిగిపోతుందా?" అంది భార్య. "నీ మిషను మీద పెడితేనే కదా నీ కంట పడేది!" అన్నాడు భర్త. "కూటానికి వేళయింది, కుర్చీలు వెయ్యండర్రా," అని అత్తగారు ఇద్దరినీ విడదీసింది.

శనివారం ఉదయం ఆ ముందుగదిలో బైబిలు అధ్యయనం. తక్కిన రోజుల్లో అది కోడలి కుట్టుపని దుకాణం. పన్నెండేళ్ళుగా ఆ వీధి కొలతలన్నీ ఆమెకు కంఠతా వచ్చు.

ప్రార్థనలో ఎవరికైనా దేవుడి మాట వస్తే ఆ కూటంలో నవ్వరు, ఎగిరి గంతూ వెయ్యరు. పుస్తకంలో రాసి, వారం రోజులు బైబిలు వాక్యంతో సరిచూస్తారు. పెద్ద దిక్కయిన రిటైర్డు నర్సమ్మ పెట్టిన పద్ధతి అది.

మూడేళ్ళలో ఏనాడూ నోరు విప్పని అత్తగారు ఆ రోజు కళ్ళు మూసుకుని, "లేచి బయలుదేరు, ఇక ఆలస్యం చెయ్యకు అంటున్నాడు," అంది. నర్సమ్మ రాసుకుంది. కానీ కూటానికి వచ్చే ఎలక్ట్రీషియన్‌కు వారం ఆగే ఓపిక ఎక్కడిది?

"ఇంకేం బ్రదర్! ప్రమోషన్ మీద వేరే ఊరు వెళ్ళాలా వద్దా అని ప్రార్థించమన్నారుగా. ఇదే జవాబు!" అన్నాడు భర్తతో.

సోమవారం భర్త మేనేజరుకు సరేనన్నాడు. మంగళవారం ఎలక్ట్రీషియన్ అట్టపెట్టెలు మోసుకొచ్చాడు. బుధవారం ఇంటి ఓనరు కొత్తవాళ్ళను తీసుకొచ్చి గది చూపించింది. వాళ్ళు మిషను ఉన్నచోట సోఫా వేద్దామనుకున్నారు. వీళ్ళు ఊరు వదులుతున్నారని విని, తన పిల్ల వచ్చే ఏడాదికి ఎంత పెరుగుతుందో చూసి ఇప్పుడే గౌను కుట్టెయ్యమంది ఒకావిడ. అది చెప్పాలంటే ప్రవక్తే దిగిరావాలి.

కోడలికి వెళ్ళాలని లేదు. కొత్త ఊళ్ళో మళ్ళీ మొదటి కొలత నుంచి మొదలుపెట్టాలి. పోనీ వద్దందామంటే, పెద్దావిడ తొలిసారి విప్పిన నోరు మళ్ళీ మూతపడుతుందేమోనని భయం. అత్తగారేమో చిన్నపిల్లలా మురిసిపోతూ పెట్టెలకు తాళ్ళు కడుతోంది.

శుక్రవారం మధ్యాహ్నం భోజనాల వేళకు నర్సమ్మ పుస్తకంతో వచ్చింది. "అమ్మా, వారమంతా చదివాను. అసలు సంగతే అడగలేదు. ఆ మాట ఎవరికి?"

"ఎవరికేమిటి, నాకే!" అత్తగారు తెల్లబోయింది. "మా చెల్లితో పదకొండేళ్ళుగా మాటల్లేవు. మంచాన పడిందట. తప్పు నాదే కదా, అందుకే నన్ను బయలుదేరమన్నాడు."

"మరి ఈ పెట్టెలు?" అన్నాడు కొడుకు.

"నన్ను ఒంటరిగా పంపలేక అందరూ వస్తున్నారనుకున్నాన్రా. ఎంత ప్రేమో అని రోజూ ఏడుస్తూనే ఉన్నా."

ఎవరికీ నవ్వు రాలేదు. కోడలు లేచి వెళ్ళి అత్తగారి పక్కన కూర్చుంది. "నేనొస్తాను అత్తయ్యా. రెండు రోజులు దుకాణం మూస్తే వీధేం మునిగిపోదు."

నర్సమ్మ పుస్తకంలో ఆ మాట పక్కన టిక్కు పెట్టింది.

"అయితే వినండి," అంది అత్తగారు కంచం ముందు నిటారుగా కూర్చుని. "రేపు పొద్దున్నే కోడలూ నేనూ చెల్లి దగ్గరికి వెళ్తున్నాం. ఇల్లు ఎక్కడికీ కదలదు. ఒరేయ్, నువ్వెళ్ళి మీ మేనేజరుతో ఆ ముక్క చెప్పు."

ఎలా చెప్పాలన్న దాని మీద మాత్రం ఆ కూటంలో ఎవరికీ ఏ మాటా రాలేదు.